ఆ ఒక్క లైన్ తీసేయమంటే ఎందుకింత మండుతుంది?

చిత్తుకాగితం:
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నా, రాసింది తక్కువ. ఒకటి అడగాలి, తిట్టుకోకండి. ఈమధ్య ఒక కథ పూర్తి చేసి ముగ్గురికి పంపా. ఇద్దరు అన్నదమ్ములు, తండ్రి పోయాక ఇంట్లో సామాన్లు పంచుకుంటారు, చివరికి ఒక పాత రేడియో మిగుల్తుంది, అది పనిచేయదు, నాకొద్దంటే నాకొద్దంటారు, గుమ్మం పక్కన పెట్టేసి ఇంటికి తాళం వేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. అంతే కథ. ఆఖరి లైన్ ఇది: "ఆ రేడియో ఇక మోగదు, వాళ్ళ బంధం లాగే."

ముగ్గురూ మూడు చెప్పారు. ఒకరు ఆ లాస్ట్ లైన్ తీసేయ్ అన్నారు. ఒకరు మధ్యలో బోర్ కొట్టింది అన్నారు. ఇంకొకరు చివర్లో అన్నదమ్ములు కలిసిపోతే బాగుండేది అన్నారు. బోర్ అన్నందుకు నాకేమీ అనిపించలేదు, సరే చూద్దాంలే అనుకున్నా. కలిసిపోవాలి అన్నదానికి నవ్వొచ్చింది. కానీ ఆ లాస్ట్ లైన్ తీసేయమన్నాయన మీద మాత్రం ఎంత కోపం వచ్చిందంటే ఆ లైన్ అక్కడ ఎందుకు ఉండి తీరాలో వివరిస్తూ ఇంత పొడుగు మెసేజ్ టైప్ చేశా, ఇంకా పంపలేదు, అలాగే ఉంది.

ఈగో పక్కన పెట్టి విమర్శ తీసుకోవాలి అని అందరూ అంటారు గానీ అది ఎలాగో ఎవరూ చెప్పరు. మీరెలా చేస్తారు? దయచేసి తప్పులెన్నువారు అంటూ వేమన పద్యం మాత్రం పెట్టకండి, అది ఆల్రెడీ ఇంకోచోట వచ్చేసింది.

కిటికీసీటు:
నేను రాయను, చదువుతానంతే, కాబట్టి నా మాటకి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి. మీరు పైన కథ చెప్తుంటే రేడియో గుమ్మం పక్కన పెట్టి తాళం వేశారు అన్న దగ్గర నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ తర్వాత "వాళ్ళ బంధం లాగే" అనగానే అది కాస్తా పోయింది. ఎందుకంటే అప్పుడే నా అంతట నేను అనుకోబోతున్న మాట మీరు ముందే అనేశారు. కోపం తెప్పించాలని కాదు, అనిపించింది చెప్పా.

చిత్తుకాగితం:
మీరన్నది అర్థమైందండీ, కానీ అది కావాలనే పెట్టా. చాలామంది రేడియోని రేడియోగానే చదివేసి వెళ్ళిపోతారు, దాని వెనకాల ఏముందో పట్టించుకోరు. పైగా అసలు ఈ కథ మొదలైందే ఆ లైన్ నుంచి. ముందు ఆ వాక్యమే తట్టింది, దానికోసమే మిగతాదంతా అల్లుకొచ్చా.

ఎర్రసిరా:
"కావాలనే పెట్టా."

కొన్నేళ్ళు ఒక పత్రికకి వచ్చే కథలు చూసే పని చేశాను. వెనక్కి పంపిన కథల గురించి రచయితలు రాసే జవాబుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనపడే మాట ఇదే. కావాలనే పెట్టారని మాకూ తెలుసండీ, చెయ్యి జారి ఎవరూ వాక్యం రాయరు కదా. కిటికీసీటు గారు మీ ఉద్దేశం గురించి మాట్లాడలేదు, చదువుతుంటే తనకేమైందో చెప్పారు. దానికి మీరు "లేదండీ, మీకలా అవ్వలేదు" అనలేరు కదా. మీ ఉద్దేశం మీ దగ్గరుంది, పాఠకుడి దగ్గర కాగితం మాత్రమే ఉంది.

ఇక ఆ లైన్ నుంచే కథ పుట్టింది అన్నారే, అసలు సంగతి అదీ. స్లాబ్ పోసేముందు సెంట్రింగ్ కొడతారు, అది లేకపోతే స్లాబే లేదు, కానీ ఆరాక ఊడదీయాల్సిందే, ఉంచేస్తే ఆ గదిలో మనిషి తిరగలేడు. కథ ఏ వాక్యం నుంచి పుట్టిందో ఆ వాక్యం చాలాసార్లు ఈ బాపతే. మీకు దానితో పనుంది. చదివేవాళ్ళకి లేదు. మంట అంత గట్టిగా తగలడానికి కారణం కూడా అదే అనుకుంటా, ఆయన ఒక లైన్ గురించి అన్నాడు, మీకేమో కథ పుట్టుకనే కాదన్నట్టు తగిలింది.

నిప్పుకోడి:
ఏంది అన్నా ఇది, అందరు కలిసి పాపం ఆయన లైన్ పీకేస్తున్నరు. చిత్తుకాగితం అన్నా నేను చెప్పేది విను, ఎవ్వల మాట వినకు. ముగ్గురికిస్తే మూడు మాటలన్నరు, ముప్పై మందికిస్తే ముప్పై అంటరు, గవన్ని పట్టుకొని రాస్తే అది నీ కథ గాదు కమిటీ రిపోర్ట్ అయితది. అసలు ఈగో లేకుంటే రాసెటోడే ఉండడు. ఖాళీ కాగితం ముంగట కూసొని నేను చెప్పేది లోకం వినాలె అనుకునుడే పెద్ద ఈగో. దాన్ని తీసి పక్కకు పెట్టుమంటే ఇంకేం మిగుల్తది?

తంబుర:
నిప్పుకోడి గారి మాటలో నిజముంది, కానీ సగమే. నాది సంగీతం కాబట్టి అటువైపు నుంచి ఒకటి చెప్తా.

1874 డిసెంబర్‌లో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ తన మొదటి పియానో కాన్చెర్టోని (పియానోకి ఆర్కెస్ట్రా తోడుగా ఉండే పెద్ద రచన) నికొలాయ్ రూబిన్‌స్టెయిన్‌కి వాయించి వినిపించాడు. రూబిన్‌స్టెయిన్ అంటే మాస్కో కన్సర్వేటరీకి, అంటే సంగీత కళాశాలకి, డైరెక్టర్, పెద్ద పియానిస్టు, చైకోవ్‌స్కీని అక్కడ పనిలో పెట్టుకున్నవాడు. మొదటి భాగం అయిపోయింది, ఆయన ఉలకలేదు పలకలేదు. మొత్తం అయ్యాక మొదలెట్టాడు, ఇది దండగ, వాయించడానికే కుదరదు, అక్కడోటి ఇక్కడోటి ఎత్తుకొచ్చినట్టుంది, రెండు మూడు పేజీలు ఉంచి మిగతాది పారెయ్ లేదా మొత్తం తిరగరాయి అని. ఒక్క స్వరం కూడా మార్చను, ఉన్నదున్నట్టు అచ్చేయిస్తా అని చైకోవ్‌స్కీ తెగేసి చెప్పాడు. 1875 అక్టోబర్‌లో బోస్టన్‌లో హాన్స్ ఫాన్ బ్యూలో అనే జర్మన్ పియానిస్టు దాన్ని మొదటిసారి వాయించాడు, జనం బ్రహ్మరథం పట్టారు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు, చూశారా పట్టు వదలకూడదు అని. తర్వాతది వదిలేస్తారు. 1879లో ఒకసారి, 1888లో ఇంకోసారి చైకోవ్‌స్కీయే దాన్ని సవరించాడు. ఇవాళ ఆ కాన్చెర్టో పేరు చెప్పగానే చెవిలో పడే ఆ మొదటి బరువైన కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగే స్వరాలు, ఉంటాయే, మొదటి వెర్షన్‌లో అవి అలా ఉండవు. స్వరాలన్నీ ఒక్కసారి పడకుండా ఒకదాని వెంట ఒకటి జారుతూ మెత్తగా వస్తాయి. ఎవరైనా ఆ వెర్షన్ రికార్డింగ్ దొరికితే వినండి, వేరే మనిషి రాసినట్టుంటుంది. అటు రూబిన్‌స్టెయిన్ కూడా తగ్గాడు, కొన్నాళ్ళకి అదే కాన్చెర్టోని తనే స్టేజి మీద వాయించాడు.

నిప్పుకోడి:
అంటే నువ్వనేది ఏంది, గాయన తిట్టిందే రైటా?

తంబుర:
కాదు. ఆయన తిట్టిన తీరులో ఎవరూ తీసుకోలేరు అంటున్నా. అసలు ఈ సీన్ మనకి తెలిసింది చైకోవ్‌స్కీ 1878లో రాసిన ఒక ఉత్తరం వల్ల. మూడేళ్ళు దాటాక కూడా ఒక్కో మాటా అప్పుడే విన్నట్టు రాశాడు, అంత కాల్చింది. సహజంగానే అది ఒకవైపు చెప్పిన కథ, రూబిన్‌స్టెయిన్ ఏమంటాడో మనకి తెలీదు. నేను చెప్పేది ఏంటంటే, అంత కాలినా, మర్చిపోకపోయినా, మళ్ళీ కూర్చుని మార్చాడు. ఈగో పోయాక మార్చలేదు. అది అక్కడే ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. అందుకే నాకు ఈ పక్కన పెట్టడం అనే మాట మీద పెద్ద నమ్మకం లేదు. పెట్టమన్నంత మాత్రాన అది పక్కకి పోతుందా ఏంటి.

లెక్కలమాస్టారు:
మధ్యలో వస్తున్నా. 2012లో నార్టన్, మోచన్, ఏరియలీ అని ముగ్గురు ఒక పరిశోధన పేపర్ వేశారు, ఐకియా ఎఫెక్ట్ అని పేరు, విడిభాగాలు ఇచ్చి మనచేతే బిగింపించే ఫర్నిచర్ కంపెనీ పేరు మీద. మనుషుల చేత కాగితం మడతపెట్టి బొమ్మలు చేయించారు, ఓరిగామి. చేసినవాళ్ళు కొత్తవాళ్ళు, వంకరటింకరగా వచ్చాయి. అయినా వాళ్ళు తమ బొమ్మలకి నిపుణులు చేసినవాటికి ఇచ్చినంత విలువ ఇచ్చుకున్నారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని మనకి ఎప్పుడో తెలుసు, అది కాదు విశేషం. మిగతావాళ్ళకి కూడా అవి అంతే బాగా కనిపిస్తాయి అని వాళ్ళు నిజంగా అనుకున్నారు. చిత్తుకాగితం గారి కోపం అక్కడ పుట్టింది. ఆ లైన్ ఆయనకి నచ్చడం సమస్య కాదు, అందరికీ నచ్చి తీరుతుందని లోపల ఎక్కడో ఖాయం అయిపోయింది.

రంగులడబ్బా:
నాది బొమ్మల పని, పుస్తకాల కవర్లు అవీ. రివిజన్లు మాకు రోజూ ఉండేవే కదా మీకు చర్మం మందం అయిపోయుంటుంది అంటారు అందరూ. డబ్బులిచ్చి వేయించుకునే బొమ్మల వరకు అయింది. సొంతంగా వేసుకునేవాటికి ఇసుమంత కూడా అవలేదు, మా చెల్లి "ఈ చెయ్యి ఏంటి ఇలా ఉంది" అంటే ఇప్పటికీ రోజంతా మొహం ముడుచుకుని తిరుగుతా.

కానీ పనిలో ఒకటి నేర్చుకున్నా. ఒక కవర్‌కి కిటికీ పక్కన నిలబడ్డ అమ్మాయి బొమ్మ వేశా. అవతలాయన "అమ్మాయి మొహం బాలేదు, ఏదోలా ఉంది" అన్నాడు. మొహం మార్చా. బాలేదు. కళ్ళు మార్చా, ముక్కు మార్చా, తల వంచా, ఊహూ. ఈయనకి బొమ్మలంటే ఏం తెలుసు అని మనసులో తిట్టుకుంటూనే ఉన్నా. చివరికి ఫైల్‌ని చిన్నగా, గోరంత సైజుకి తగ్గించి చూస్తే తెలిసింది, వెనక కిటికీ తెల్లగా మెరిసిపోతోంది, చూపు అంతా అటే లాగేస్తోంది, దాని ముందు మొహం మురికిగా కనపడుతోంది. కిటికీ వెలుగు కాస్త తగ్గించి, మొదట వేసిన మొహమే తిరిగి పెట్టి పంపా. "ఇప్పుడు మొహం బావుంది" అన్నాడు! ఆయనకి ఇబ్బంది కలిగిన మాట నిజం, కారణం మాత్రం మొహంలో లేదు. అది వెతకాల్సింది ఆయన కాదు, నేను. అప్పట్నుంచి ఎవరైనా బాలేదు అంటే ఒప్పుకోనూ, కాదననూ, ఆ చుట్టుపక్కల ఏముందో వెతుకుతా.

వెన్నెలపిట్ట:
అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం అనిపిస్తోంది. నేను కవిత్వం రాస్తా. ఒంటరిగా ఉన్న ఒక స్త్రీ గురించి కవిత పెడితే మొదటి కామెంట్ "ఇంట్లో అంతా ఓకేనా అండీ?" రెండోది "ఇంత నెగెటివిటీ దేనికి మేడమ్". ఇది విమర్శా? వాకబు. మగవాళ్ళు ఒంటరితనం రాస్తే తాత్వికత, నేను రాస్తే డైరీ. ఇలాంటివి పట్టించుకోకపోతే అది నా ఈగో అని ఎవరన్నా అంటే అననివ్వండి, నాకు పర్లేదు.

మరోవైపు ఒక పెద్దాయన నా కవిత చదివి "మౌనం అన్న మాట నాలుగు చోట్ల వచ్చిందమ్మా" అన్నారు. అంతే, బావుందో బాలేదో కూడా చెప్పలేదు. చూసుకుంటే ఉంది. దానిమీద కోపం తెచ్చుకుందామన్నా పట్టు దొరకలేదు నాకు. రెండు చోట్ల తీసేస్తే మిగతా రెండు చోట్లా గట్టిపడింది. వేలు కవిత మీద పెడుతున్నారా నా మీద పెడుతున్నారా అన్నది చూసుకుంటా నేను, మిగతాది తర్వాత.

చిత్తుకాగితం:
అందరివీ చదివా. నిజం చెప్పాలంటే చదువుతుంటే కోపం పోయి సిగ్గేసింది. సరే, ఆ లైన్ తీసేస్తున్నా. మధ్యలో బోర్ అన్నారు కాబట్టి సామాన్లు పంచుకునే సీన్ సగానికి కోసేస్తా. మూడో ఆయన అన్నట్టు చివర్లో తమ్ముడు అన్నకి ఫోన్ చేసినట్టు కూడా పెడతా, పాఠకుడే దేవుడు అంటారు కదా. ఎవరన్నా ఇంకేమైనా ఉంటే చెప్పండి, అన్నీ మార్చేస్తా, నాకిప్పుడు ఏ పట్టుదలా లేదు.

ఎర్రసిరా:
ఆగండాగండి.

ఇది కూడా ఈగోనే, వేషం మార్చుకుని వచ్చింది. మొన్న ఎవరి మాటా విననన్నారు, ఇవాళ చూడండి నేనెంత వినయంగా ఉన్నానో అంటున్నారు. రెండుచోట్లా మీరు చూసుకుంటున్నది మిమ్మల్నే, కథని కాదు. ఫోన్ కాల్ పెడితే కథ బాగుపడుతుందని మీకు నమ్మకం ఉందా? లేదు కదా. మరి ఎవర్ని మెప్పించడానికి?

కవి టి.ఎస్. ఎలియట్ రాసిన ద వేస్ట్ లాండ్ అనే పొడుగు కవిత సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1922లో అచ్చయ్యేముందు అతని స్నేహితుడు, కవి ఎజ్రా పౌండ్ దాని రాతప్రతి మీద ఇష్టమొచ్చినట్టు పెన్సిల్ పెట్టాడు, ఆ కాగితాలు 1971లో పుస్తకంగా అచ్చయ్యాయి, కొట్టివేతలన్నీ కనిపిస్తాయి. పెద్ద పెద్ద భాగాలు ఎగిరిపోయాయి. నాలుగో భాగంలో ఒక సముద్ర ప్రయాణం పొడుగ్గా ఉండేది, అదంతా పోయి చివర ఫ్లీబస్ అనే మునిగిపోయిన నావికుడి గురించి 10 లైన్లు మిగిలాయి. దాంతో ఎలియట్ నీరుగారిపోయి ఈ ఫ్లీబస్‌ని కూడా తీసేయనా అని అడిగాడు. పౌండ్ ఒప్పుకోలేదు, అది ఉండి తీరాలని గట్టిగా జవాబు రాశాడు. కొట్టేసిన మనిషే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. ఇవాళ్టికీ ఆ 10 లైన్లే ఆ కవితలో నాలుగో భాగం. కాబట్టి తలూపడం వచ్చినంత మాత్రాన విమర్శ తీసుకోవడం వచ్చినట్టు కాదు.

నిప్పుకోడి:
పౌండ్ అసుంటోడు దొరికిండు కాబట్టి సరిపోయింది. అమెరికా కథకుడు రేమండ్ కార్వర్ సంగతి గూడ చెప్పున్రి మరి. ఎడిటర్ గోర్డన్ లిష్ ఆయన కథలు కోసి కోసి కొన్నిట్ల సగం కంటె ఎక్కువ లేపేసిండు. 1980 జులైల కార్వర్ ఉత్తరం రాసిండు, దయచేసి ఈ పుస్తకం ఆపు అని బతిమిలాడుకుంట. ఆపలే. 1981ల లిష్ కోసినట్టే వచ్చింది, మస్తు పేరొచ్చింది, మినిమలిస్ట్ అని, అంటే తక్కువ మాటలతోని రాసెటోడని, ముద్రేసిన్రు, ఆయనకేమో ఆ మాటే నచ్చకపోతుండె. ఆయన పోయినంక 2009ల అసలు రాసినయి రాసినట్టు పుస్తకం వేసిన్రు. గప్పుడు గట్టిగ నిలబడి వద్దంటే ఈగో అందురా మీరు?

కిటికీసీటు:
ఆ రెండు పుస్తకాల్లోనూ ఉన్న ఒక కథ రెండు రకాలుగానూ చదివాను. పిల్లాడి పుట్టినరోజుకి తల్లి కేక్ చెప్తుంది, పిల్లాడికి యాక్సిడెంట్ అవుతుంది, కేక్ తీసుకెళ్ళలేదని బేకరీ అతను ఫోన్లు చేస్తుంటాడు, అతనికి ఏం జరిగిందో తెలీదు. లిష్ కోసిన దాంట్లో ఫోన్ మోగడంతో ఆగిపోతుంది, ఒళ్ళు జలదరిస్తుంది. కార్వర్ పెద్దదాంట్లో తల్లీతండ్రీ ఆ బేకరీకి వెళ్తారు, అతను వాళ్ళని కూర్చోబెట్టి వేడి రొట్టె పెడతాడు, తెల్లారేదాకా అలా మాట్లాడుకుంటూ ఉండిపోతారు. విమర్శకులు ఏమంటారో నాకు తెలీదు, నాకైతే ఆ పెద్దదే కావాలి.

అన్నట్టు చిత్తుకాగితం గారూ, అది గుర్తొచ్చాక మీ మూడో పాఠకుడి మాట నాకు నవ్వులాటగా అనిపించట్లేదు. అన్నదమ్ములు కలవాలి అని ఆయన ఎందుకు అనుకున్నాడు? నాకు ఒక అనుమానం ఉంది. మధ్యలో ఏముందో కాస్త పెట్టగలరా?

చిత్తుకాగితం:
మొత్తం పెట్టను, ఒక ముక్క:

"బీరువా అన్న తీసుకున్నాడు. కుర్చీలు తమ్ముడు తీసుకున్నాడు. గోడ గడియారం దగ్గర ఇద్దరూ కాసేపు ఆగారు. నువ్వే ఉంచుకో అన్నాడు అన్న. వద్దు, మా ఇంట్లో గోడ ఖాళీ లేదు అన్నాడు తమ్ముడు. ట్రంకు పెట్టె తెరిస్తే పాత బిల్లులు తప్ప ఏమీ లేవు."

ఇలాగే రేడియో దాకా వెళ్తుంది. ఆ పొడి పొడి తనం కావాలనే... సరే, ఆ మాట అనను, మర్చిపోండి :)

కిటికీసీటు:
వాక్యాలు బావున్నాయి, గోడ ఖాళీ లేదు అన్నది చాలా బావుంది. కానీ వీళ్ళిద్దరి మధ్య అసలు ఏముండేదో నాకు తెలీదు. ఎప్పుడూ ఇంతేనా, లేక ఒకప్పుడు బాగుండేవాళ్ళా? మోగని రేడియో అంటే ఒకప్పుడు మోగి ఉండాలి కదా. అది మోగినప్పుడు ఎవరు వినేవాళ్ళు?

చిత్తుకాగితం:
నాన్న వినేవాడు. స్టేషన్ సరిగ్గా పట్టేది కాదు, తమ్ముడు వైరు ముక్క పట్టుకుని కిటికీలో నిలబడాలి, అన్న నాబ్ తిప్పాలి, వాడు చెయ్యి దించితే గరగర. ముందు డ్రాఫ్ట్‌లో ఉండేదది, పొడుగైపోతోందని తీసేశా.

రంగులడబ్బా:
ఏంటీ!! అది తీసేసి ఆ లైన్ ఉంచారా??

తంబుర:
వాడు చెయ్యి దించితే గరగర. ఇంతకంటే ఏం కావాలండీ.

ఎర్రసిరా:
ఇప్పుడు ముగ్గురి మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. వీళ్ళ మధ్య ఒకప్పుడు ఏముండేదో పేజీ మీద లేదు, అందుకని ఒకాయనకి మధ్యలో బోర్ కొట్టింది. ఏం పోయిందో తెలియలేదు, అందుకని పోవడంలో బాధ లేదు, అందుకని ఇంకొకాయన కలిపేస్తే పోలా అన్నాడు. ఆ ఖాళీ మీకూ లోపల తెలుస్తూనే ఉంది, అందుకని చివర్లో బంధం అనే మాట తెచ్చి అతికించారు, అది మొదటాయనకి ఎబ్బెట్టుగా తగిలింది. ముగ్గురూ చెప్పింది ఒకటే జబ్బు.

మీరేమో బాగా మండిన మాట దగ్గరే కూర్చున్నారు. బోర్ కొట్టింది అన్నది మండలేదు కాబట్టి చూద్దాంలే అని వదిలేశారు, అసలు తాళంచెవి అక్కడుంది. ఎంత మండిందో దాన్నిబట్టి ఏది ముఖ్యమో తేల్చుకుంటే ఇలాగే అవుతుంది. మండనివి ముందు చూడండి, వాటి దగ్గర బుర్ర చల్లగా పనిచేస్తుంది.

నిప్పుకోడి:
గిది మాత్రం ఒప్పుకుంట. మూడు మాటలు మూడు అనుకున్న నేను గూడ. కని ఒకటి, ఆ వైరు ముచ్చట ఎవ్వరు చెప్పలే, ఆయన దగ్గరనే ఉండె. రాసినోడి కాడ లేనిది విమర్శ ఎక్కడికెల్లి తెస్తది?

గజ్జెలమోత:
నేను డాన్స్ వైపు నుంచి. కిటికీసీటు గారు చేసింది చూశారా, ముందు తనకి ఏం తగిలిందో చెప్పారు, తర్వాత ప్రశ్న అడిగారు, ఇలా మార్చు అని ఎక్కడా అనలేదు. లిజ్ లెర్మన్ అని అమెరికన్ కొరియోగ్రాఫర్, 1990 నుంచి ఒక పద్ధతి నడిపిస్తోంది, దాదాపు ఇదే వరస. ముందు చూసినవాళ్ళు తమకి ఏది గుర్తుండిపోయిందో, ఏది తగిలిందో చెప్తారు. తర్వాత చేసిన మనిషి తన అనుమానాలు అడుగుతారు. తర్వాత చూసినవాళ్ళు ప్రశ్నలడుగుతారు, కానీ ఆ ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు. అంటే "ఇంత పొడుగెందుకు" అనకూడదు, "ఇంతసేపు ఉండటంలో మీరు చూస్తున్నదేంటి" అనాలి. చివర్న మాత్రమే అభిప్రాయం, అదీ "ఫలానాదాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పనా" అని అడిగి. అవతలి మనిషి వద్దు అనొచ్చు కూడా.

మొదటిసారి విన్నప్పుడు ఈ సోకులన్నీ ఎందుకు డైరెక్ట్‌గా చెప్పొచ్చుగా అనిపించింది. ప్రాక్టీస్‌లో చూశాక ఆ రెండోదే నాకు బాగా పనికొచ్చింది. "ఎలా ఉంది?" అని అడిగితే మనం అడిగేది మెచ్చుకోలు, వాళ్ళకీ అది తెలుసు, అందుకే సూపర్ అని ఒక బొటనవేలు పడేసి పోతారు. "రెండో చరణంలో నేను వెనక్కి తిరిగినప్పుడు మీ చూపు ఎటు పోయింది?" అని అడిగితే మెచ్చుకోడానికీ తిట్టడానికీ చోటుండదు, చూసింది చెప్పాల్సిందే.

వెన్నెలపిట్ట:
ఇది బావుంది. వద్దు అనొచ్చు అన్నది ఇంకా బావుంది. మనవాళ్ళకి అడగకుండా చెప్పడమే తెలుసు, వద్దంటే "విమర్శ తట్టుకోలేరు" అని ఇంకో కామెంట్.

చిత్తుకాగితం:
నాలుగు రోజులు మాయమయ్యా, సారీ. పాత ఫైల్ తీసి ఆ వైరు సీన్ మళ్ళీ పెట్టా, మొదట్లో కాదు, గడియారం తర్వాత, మూడే వాక్యాలు. అది పెట్టాక సామాన్ల లిస్టు తగ్గించాల్సిన పని రాలేదు, చదువుతుంటే దానంతటదే వేగంగా నడుస్తోంది, ఎందుకో నాకు పూర్తిగా అంతు పట్టలేదు. ఫోన్ కాల్ పెట్టలేదు. లాస్ట్ లైన్ తీసేశా. తీసేసి చదివితే మొదటి రోజు బోసిగా అనిపించింది, మర్నాడు ఆ చోటు ఎక్కడో కూడా గుర్తురాలేదు.

ఆ పొడుగు మెసేజ్ డిలీట్ చేసి ఆయనకి కొత్త వెర్షన్ పంపా. బావుంది బాలేదు అని అడగలేదు, "తాళం వేసేటప్పటికి వీళ్ళ గురించి మీరేం అనుకుంటున్నారు" అని అడిగా. "తమ్ముడు ఆ రేడియో కోసం మళ్ళీ వస్తాడేమో అనిపించింది" అన్నారు. నేను అలా అనుకోలేదు, నా లెక్కలో వాడు రాడు. అయినా ఈసారి వాదించలేదు, రానీ అనుకున్నా.

కిటికీసీటు:
నాకైతే రాడనిపిస్తోంది.

నిప్పుకోడి:
మంచిగైంది అన్నా. కథకు పేరేం పెట్టినవ్?

చిత్తుకాగితం:
మూగబోయిన రేడియో.

నిప్పుకోడి:
గంతే గదా! లైన్ తీసేసి దాన్నే తీస్కపోయి పేరు కింద పెట్టినవ్ :D

చిత్తుకాగితం:
అన్నా, టైటిల్ జోలికి రాకు. అది నేను చాలా ఆలోచించి పెట్టా.

ఎర్రసిరా:
:)

చిత్తుకాగితం:
ఏంటండీ ఆ నవ్వు? టైటిల్ మార్చను, చెప్తున్నా. ఎవరికైనా వేరే పేరు తడితే పెట్టండి, మార్చను గానీ చూస్తా.

రంగులడబ్బా:
"గోడ ఖాళీ లేదు"